రెండు చేతులూ పైకెత్తితే

27 నవంబర్ 1966, ఆదివారం

నేను బెంగ పెట్టుకున్నానట.

పొద్దున్నించి ఈ మాట మూడుసార్లు విన్నాను. అమ్మ పక్క క్వార్టరు సింహాచలమ్మ పిన్నితో గోడ మీంచి చెబుతుంటే ఒకసారి, పిన్ని లోపలికెళ్లి వాళ్లాయనకి చెబుతుంటే ఒకసారి. మూడోసారి పాలు పోసే ఘోష్ దాదా చెంబులో పాలు వంచుతూ "మొన్ ఖారాప్ కోరో నా, దీదీ" అంటూ, దిగులు పడొద్దని నన్నే ఓదార్చాడు. రైల్వే కాలనీలో నా బెంగ గురించి తెలియనిది నాకొక్కదానికే.

వాల్తేరు వాళ్లు నన్ను వద్దన్న మాట నిజమే. పిల్ల మరీ పొడుగట. ఫొటోలో కూర్చుని ఉన్నాను కాబట్టి ముందు తెలియలేదట. తవిటయ్య మావయ్య తెచ్చిన సంబంధం. అబ్బాయి లోకోషెడ్డులో గుమాస్తా. ఉత్తరం వచ్చిన రోజు నేను వరండాలో ఆ చివర్నించి ఈ చివరికి నడిచాను. చాలాసేపు నడిచాను. అంతే. దానికే ఈ పేరు.

సంతోషమేసి నడిచాను! బి.ఏ. అయి ఏడు నెలలయింది. వరండా పద్నాలుగు అడుగులు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా నాకున్న మైదానం అదే. ఇరవై రెండేళ్లుగా నన్ను చూస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

బెంగ పోవడానికి అమ్మ సున్నుండలు చేసింది. నాలుగు తిన్నాను. అది కూడా బెంగ కిందే జమ అయింది. "పాపం, ఆకలెక్కడేస్తున్నాదో కూడా దానికి తెలీటం నేదు," అంది పిన్నితో.

4 డిసెంబర్, ఆదివారం

నది దాటాను. కాళ్లతో!

మొదట్నించీ రాయాలి. చంద్ర, ఎస్తేరు, నేను పొద్దున్నే బయల్దేరి కాంసాయి నది దాకా నడిచాం. చంద్రావతి గోల్‌బజార్ బట్టల కొట్టు నగరేశ్వరరావు గారి అమ్మాయి, కాలేజీలో నా పక్క బెంచీ. కొట్లో కూర్చుని జనాన్ని చూడటం తప్ప నడవటం దాని జాతకంలో లేదు. ఎస్తేరు మాత్రం బళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ లూకా గారి కూతురు. చిన్నపిల్లల బళ్లో పాఠాలు చెబుతుంది, రోజంతా నిలబడే ఉంటుంది. దాని కాళ్లు ఇనుము.

నది ఒడ్డున ముఢీ, అదే మరమరాలు, పచ్చిమిరపకాయలు తింటుంటే నీళ్ల మధ్యలో ఒకావిడ కనిపించింది. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. బూట్లు మెడలో వేలాడుతున్నాయి. చేతిలో కర్రతో లోతు చూసుకుంటూ వస్తోంది. వీపు మీద ఇంత పెద్ద సంచి. ఒడ్డెక్కి మమ్మల్ని చూసి బెంగాలీలో, "తినడానికే వచ్చారా?" అంది.

చంద్రకి రోషం వచ్చింది. "తిని దాటుదామనుకున్నాం," అంది. అబద్ధం. పచ్చి అబద్ధం.

దాటాం మరి, ఆవిడే వెనక్కి తిరిగి కర్రతో దారి చూపిస్తే. నడుం దాకా వచ్చాయి నీళ్లు, అదీ చంద్రకే. నాకు తొడల దాకా. పొడుగు వల్ల మొదటిసారి లాభం కలిగింది. మధ్యలో చంద్ర కాలు జారితే ఎస్తేరు దాని జడ పట్టుకుని లాగింది. "ఒలే, జడ ఒదిలీ! ఊడిపోద్ది!" "ఊడితే ఊడనీ, నువ్వు మిగుల్తావు!" అవతలి ఒడ్డున ముగ్గురం ఇసకలో పడి నవ్వుతూనే ఉన్నాం.

ఆవిడ పేరు నీలిమ, దీదీ కలిపి అందరూ నీలిమాదీ అంటారట. మేదినీపూర్‌లో టీచరు. డార్జిలింగ్ వెళ్లి కొండలెక్కడం నేర్చుకున్న మనిషి. జనవరిలో శుశునియా కొండ దగ్గర ఆడపిల్లలకి ఆరు రోజుల క్యాంపు పెడుతోందట. తాళ్లతో బండలెక్కడం. కలకత్తా నుంచి పదిమంది వస్తున్నారట. "మీరూ రండి. బాగా ఎక్కినవాళ్లలో ఒకరి పేరు డార్జిలింగ్ శిక్షణకి రాస్తాను."

ఒకరి పేరు.

5 డిసెంబర్

కాళ్లు. అబ్బ.

11 డిసెంబర్, ఆదివారం

వీపు సంచులు తయారయ్యాయి. గోల్‌బజార్‌లో పాత తార్పాలిన్ కొని, చంద్రా వాళ్ల కొట్టు ముందు కూర్చునే టైలరు చిన్నారావు గారి చేత కుట్టించాం. ఆయన జన్మలో ఇలాంటివి కుట్టలేదట. "ఇదేటమ్మా, ఏనుక్కి గౌనా?" అన్నాడు. భుజాల మీద పట్టీలు కోసుకుపోతుంటే ఎస్తేరు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న వాళ్ల చిన్నాన్న దగ్గర్నించి కాటన్ వేస్టు తెచ్చింది. ఇంజన్లు తుడిచే దూది అది. పట్టీల్లో కూరాం. ఇప్పుడు ముగ్గురి భుజాలూ ఇంజన్ నూనె వాసన కొడుతున్నాయి.

అమ్మతో క్యాంపు అని చెప్పలేదు. ఆరు రోజుల పిక్నిక్ అన్నాను. అబద్ధమేం కాదు. క్యాంపులో కూడా అన్నం తింటాం.

18 డిసెంబర్, ఆదివారం

నాన్న లైను మీంచి వచ్చాడు. గూడ్సు గార్డు మా నాన్న గణపతిరావు. వారంలో నాలుగు రోజులు బండి వెనకాల బ్రేకు వ్యాన్‌లోనే కాపురం. నా సంచి తిప్పి చూశాడు. డ్యూటీకి మోసుకెళ్లే లైన్ బాక్సు తీసి, అడుగున వెతికి, తన పాత విజిలు నా చేతిలో పెట్టాడు. "పిక్‌నిక్‌లో తప్పిపోతే ఊదు."

పిక్నిక్ అనే మాటని కొంచెం నొక్కాడా? నాకే అలా అనిపించిందా?

5 జనవరి 1967, గురువారం. శుశునియా

గుడారంలో కూర్చుని రాస్తున్నాను. గుడారం!

ఆద్రా ప్యాసింజరులో ఛాత్నా దాకా వచ్చాం. అక్కణ్నించి నడక. వరి కోసేసిన మళ్లు, ఎర్రమట్టి దారి, తాడిచెట్లు. వీపు మీద సంచితో నడుస్తుంటే మొదటి మైలు పాటలు, రెండో మైలు మాటలు, మూడో మైలు నుంచి చంద్ర మూలుగులు. కొండ మాత్రం కదలకుండా ఎదురుగా ఉంది. ఎంత నడిచినా దగ్గరికి రాదు. ఉన్నట్టుండి మీద పడ్డట్టు వచ్చేసింది.

కొండ కింద ఊళ్లో ఇంటింటా రాళ్లు చెక్కుతున్నారు. ఉలి చప్పుడు ఆగదు. ఒక ముసలావిడ రాతి గిన్నె చెక్కుతూ మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీ మగాళ్లు ఏరీ?" అంది. "ఇంటిదగ్గర వంట చేస్తున్నారు," అంది ఎస్తేరు, గంభీరంగా, బెంగాలీలో. ముసలావిడ ఉలి పక్కన పెట్టి మరీ నవ్వింది.

కలకత్తా అమ్మాయిల్లో ఝర్నా అనే ఆమె నా గుడారంలోనే. భవానీపూర్. ప్యాంటు వేసుకుంది. నా సంచి వాసన చూసి, "మీ ఊళ్లో అత్తరు ఇదా?" అంది. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆమె తన చాక్లెట్‌లో సగం విరిచి ఇచ్చింది. కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోలేకపోయాను.

6 జనవరి

బండ ఎక్కాను. ముప్ఫయి అడుగులు. రాతికి చెంప ఆనించి ఊపిరి పీలిస్తే రాయి చల్లగా, ఏదో ఉప్పు వాసన. నడుముకి తాడు. కింద ఆ తాడు పట్టుకున్నది ఎస్తేరు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. పద్నాలుగడుగుల వరండా గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే పట్టు జారింది. ఎస్తేరు తాడు బిగించింది. "నవ్వులు కిందకొచ్చినాక నవ్వే, మొద్దు గుంటా!"

నీలిమాదీ ఏదో కాగితం మీద రాసుకుంది. నా గురించే అనుకుంటాను.

ఝర్నా నాకంటే బాగా ఎక్కుతుంది. పిల్లిలా ఎక్కుతుంది. నాకేం అసూయ లేదు.

7 జనవరి

అసూయ ఉంది.

8 జనవరి, ఆదివారం

ఎలా రాయాలో తెలియటం లేదు. ఝర్నా బాగానే ఉంది. ముందు అది రాసేస్తున్నాను.

పొద్దున పెద్ద బండ. ఝర్నా ముందు ఎక్కుతోంది. సగం ఎత్తులో అరుగులాంటి చోట ఎస్తేరు కూర్చుని ఆమె తాడు పట్టుకుంది. నేను కింద, కాస్త దూరంగా ఉన్నాను. అక్కణ్నించి నాకొక్కదానికే కనిపించింది: ఝర్నా తలకి నాలుగడుగుల పైన, ముందుకు పొడుచుకొచ్చిన రాయి కింద, చేటంత తేనెపట్టు. నల్లగా, కదులుతూ.

నేను రెండు చేతులూ పైకెత్తాను.

ఎస్తేరు చూసింది. ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది, తాడు నడుముకి చుట్టేసింది. ఝర్నా కూడా చూసింది. తను బాగా ఎక్కుతోందని నేను మెచ్చుకుంటున్నాననుకుంది. నవ్వుతూ ఒక చెయ్యి వదిలి నాకు ఊపింది. పైకి ఇంకో అడుగు వేసింది.

ఆ తర్వాత రొద. ఝర్నా పట్టు వదిలేసింది. ఎస్తేరు పట్టిన తాడు మీద వేలాడింది. ఎస్తేరు అరచేతులు ఒరుసుకుపోయాయి గానీ వదల్లేదు. ఇద్దర్నీ దింపి కంబళ్లు కప్పి, పచ్చి ఆకులతో పొగ పెట్టి... గంట పట్టింది. రాతి గిన్నె ముసలావిడ పరుగున వచ్చి ఝర్నా మొహం ఒళ్లో పెట్టుకుని ముళ్లు ఒక్కొక్కటీ గోటితో గీకి, సున్నం రాసింది. మొహం మీదే పదకొండు.

నీలిమాదీ నన్ను పక్కకి పిలిచింది.

"నోరెందుకు తెరవలేదు?"

"రెండు చేతులూ ఎత్తాను కదా."

"ఎత్తితే?"

"ఆగమని."

"అని ఎవరికి తెలుసు?"

"అందరికీ," అన్నాను.

అంటూండగానే తెలిసింది. మా అందరికీ. రైల్వేలో జెండా చేతిలో లేనప్పుడు రెండు చేతులూ తలపైకెత్తితే ఎంతటి ఇంజనైనా ఆగాలి. మా కాలనీలో రైలాట ఆడే మూడేళ్ల పిల్లలు కూడా ఆగుతారు. ఎస్తేరు ఆగింది. భవానీపూర్‌లో ఆగరు. చంద్ర గోల్‌బజార్‌లో పుట్టి కూడా, "నువ్వు ఒళ్లు విరుచుకుంటున్నావేమో అనుకున్నానే," అంది.

నీలిమాదీ నా మెడకేసి చూపించింది. "మరి ఆ వేలాడుతున్నదేమిటి? నగా?"

నాన్న విజిలు.

తప్పు నాది కాదు. ఎవరైనా పైన ఏముందో చూసుకోవాలి, ఎక్కేముందు.

తప్పు నాదే.

9 జనవరి

నా పేరు రాయరు. తెలిసిపోయింది. సరే. వచ్చినందుకు నది దాటాను, బండ ఎక్కాను, చాలు.

(చాలదు.)

పొద్దున భయపడుతూ గుడారంలోకి టీ తీసుకెళ్లాను. ఝర్నా మొహం రొట్టెలా పొంగింది, ఒక కన్ను కనిపించటం లేదు. నేను పక్కన కూర్చోగానే వాచిన పెదాలతో ఆమే అంది: "రత్నా, దయచేసి నన్నింకెప్పుడూ మెచ్చుకోకు."

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వితే నొప్పి, నొప్పి పుడితే తిట్టు, తిడితే మళ్లీ నవ్వు. నాకు ఏడుపు కూడా వచ్చింది గానీ టీ కప్పు అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం నీలిమాదీ అందర్నీ కొండ కింద నిలబెట్టింది. "నూకరత్నం, ముందుకి రా. నీ సంజ్ఞలు మాకు నేర్పు. తర్వాత నీకు అరవడం మేం నేర్పుతాం."

నేర్పాను. రెండు చేతులు పైకి: ఆగు. ఒక చెయ్యి కదలకుండా చాపితే: రా. ఆ చెయ్యే పైకీ కిందికీ ఊపితే: నెమ్మదిగా రా. ఎస్తేరు ఇంజను, కట్టు కట్టిన చేతులతో. కలకత్తా అమ్మాయిలు వెనక పెట్టెలు. వాచిన మొహంతో ఝర్నా ఆఖర్న గార్డు వ్యాను. రాతి పని వదిలేసి ఊరంతా చూడటానికొచ్చింది.

తర్వాత నా వంతు. కొండకి ఎదురుగా నిలబడి "థామో!" అని అరవాలి, ఆగమని. మొదటిసారి అరిస్తే గొంతులోంచి పిల్లి కూనలాంటిది వచ్చింది. రెండోసారీ అంతే. "నువ్వు అరుస్తున్నావా, క్షమాపణ అడుగుతున్నావా?" అంది నీలిమాదీ.

ఏడోసారికో ఎనిమిదోసారికో కొండ తిరిగి అరిచింది.

"ఓలమ్మ! మీ యమ్మకి ఇనబడిపోయుంటాది," అంది ఎస్తేరు.

ఇక అందరికీ పూనకం. ఒక్కొక్కరే కొండతో మాట్లాడారు. చంద్ర రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని వాళ్ల నాన్న గొంతుతో "రండమ్మా రండి, కొత్త సరుకు, రంగు పోదు!" అని అరిచింది. కొండ "పోదు" అంది. ముసలావిడ కూడా ముందుకొచ్చి, తన మొగుడి పేరు పెట్టి పిలిచి తిట్టిందట. ఆయన పోయి పన్నెండేళ్లయిందని తర్వాత చెప్పింది. పేరు పెట్టి పిలవడం అదే మొదలట.

10 జనవరి, మంగళవారం

కొండ కొస దాకా ఎక్కాం, అందరం, ఝర్నాతో సహా. పైన గాలి. కింద ఊరు, మళ్లు, మేం వచ్చిన ఎర్ర దారి, దూరంగా పొగ గీసుకుంటూ ఒక బండి. ఎవరో తెలుసున్నవాడు తోలుతున్నట్టే అనిపించింది.

దిగాక నీలిమాదీ చీటీ చదివింది. డార్జిలింగ్‌కి నా పేరు.

ఝర్నా కదా బాగా ఎక్కింది అన్నాను. "ఎక్కడం నేర్పొచ్చు," అంది నీలిమాదీ. "తప్పు చేసిన మర్నాడు అందరి ముందూ నిలబడి అరవడం నేర్పలేం. ఝర్నా వచ్చే ఏడాది. ఆ మాట దానికి నిన్న రాత్రే చెప్పాను." మార్చి ఆరున మొదలు. నెల్లాళ్లు.

ఝర్నా నా వీపు మీద చరిచింది. గట్టిగానే చరిచింది.

12 జనవరి

ఇంట్లో అమ్మ: "పిక్‌నిక్ బాగా జరిగిందా?" నేను: "ఊఁ."

రేపు చెప్తాను.

15 జనవరి

రేపు.

22 జనవరి, ఆదివారం

వాల్తేరు వాళ్లు ఒప్పుకున్నారట.

తవిటయ్య మావయ్య స్వయంగా వచ్చాడు, స్వీట్ల పొట్లంతో. అబ్బాయి మనసు మార్చుకున్నాడట. పొడుగైతే ఏం, అటక మీద సామాన్లు దింపడానికి నిచ్చెన అక్కర్లేదన్నాడట. మావయ్య ఇది ముచ్చటగా చెప్పాడు. నిశ్చితార్థం మార్చి తొమ్మిది.

అమ్మ నా తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. "దేవుడు నీ మొర ఇన్నాడే, తల్లీ. రెండు నెల్ల బట్టి నలిగిపోయినావు." కళ్లనిండా నీళ్లు. నిజమైన సంతోషం. ఆ మొహం మీద ఎలా చెప్పను?

24 జనవరి

అన్నం సగంలో లేచాను. అమ్మ పిన్నితో: "సిగ్గు."

27 జనవరి

వరండాలో నడిచాను. అమ్మ: "ఇప్పుడు తొందర పడతన్నాది సూడు."

వీపు సంచి నట్టింట్లో గుమ్మానికి అడ్డంగా పెట్టాను, అందరికీ తగిలేలా. అమ్మ దాన్లోవి తీసేసి, ఉతికి, మడతపెట్టింది. "పెళ్లికి సామాన్లు సర్దడానికి బాగుంటాది."

30 జనవరి

ఝర్నా ఉత్తరం. వాపు పోయిందట, కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ మిగిలిందట. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నేను గుర్తొస్తానట. చివర్న: "ఇంట్లో చెప్పావా? లేక రెండు చేతులూ ఎత్తి నిలబడ్డావా?"

2 ఫిబ్రవరి, గురువారం

చెప్పాను.

మధ్యాహ్నం వర్క్‌షాపు సైరను మోగింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. అమ్మ చారు పోస్తోంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఏటే, అలగ నిలబడ్డావు?" అన్నాడు నాన్న.

"నాకా సంబంధం ఒద్దు నాన్నా. మార్చి ఆరుకి డార్జిలింగ్‌లో ఉండాల. కొండలెక్కడం నేర్సుకోడానికి ఎల్తన్నాను. నెల్లాళ్లు. మొన్న ఎల్లింది పిక్‌నిక్ కాదు, దానికే."

గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. గోడవతల సింహాచలమ్మ పిన్ని గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అమ్మ చారు గరిటె అలాగే పట్టుకుంది. "మరి... బెంగెట్టుకున్నావు కదే?"

"నేదమ్మా. ఆ రోజు సంతోషమేసి నడిసినాను."

"సంతోషమా! నాలుగు సున్నుండలు తినేసినావు!"

"బాగున్నాయమ్మా. అందుకే తిన్నాను."

అమ్మ నాన్నకేసి చూసింది. నాన్న విస్తరికేసి చూశాడు. అమ్మ మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. అది చూడటం కష్టమైంది. కానీ కళ్లు దించుకోలేదు.

"రెండు నెల్ల బట్టి నీ కోసం మొక్కుకున్నానే," అంది. "ఒక్క ముక్క సెప్పొచ్చు కదే నాతోటి."

"తప్పే అమ్మా. సెప్పాల్సింది. ఇప్పుడు సెప్తన్నాను."

నాన్న చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అప్పుడే నోరిప్పుంటే బండిని ఔటర్ సిగ్నల్ కాడే ఆపేసుందుము," అన్నాడు. "ఇప్పుడు ప్లాట్‌ఫారం మీదకొచ్చేసినాది. మావయ్య స్వీట్లు కూడా తినేసినాం."

"ఇప్పుడేనా ఆపు నాన్నా."

ఆయన లైన్ బాక్సు తెరిచి పోస్టుకార్డు, పెన్సిలు తీశాడు. తవిటయ్య మావయ్య పేరు రాసి, ఆగి, తలెత్తకుండా అడిగాడు:

"విజిలుందా, పారేసినావా?"

"ఉంది."

"ఈసారేనా ఊదు."

3 ఫిబ్రవరి

అమ్మ నాతో మాట్లాడటం లేదు. పొద్దున ఉతికిన వీపు సంచి నా మంచం మీద పెట్టింది. పట్టీల్లో దూది కొత్తది కూరింది.

సింహాచలమ్మ పిన్ని గోడ మీంచి, "ఏటో పిచ్చి పట్టినాదట కదా నీకు?" అంది. అవునన్నాను.

నిశ్చితార్థం లేదు. మార్చి మూడున బయల్దేరుతున్నాను.